సాయుధ ఘర్షణల్లో పిల్లలను చట్టం నిజంగా కాపాడుతుందా?

కాపాడుతుంది, వయసు రుజువైతేనే. భద్రాచలం వైపు, ఛత్తీస్‌గఢ్ నుంచి వలసొచ్చిన గుత్తికోయ ఆదివాసీల గూడేల్లో చదువు చెప్పినవాణ్ణి కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

చట్టాలకేం కొదవ లేదు. పిల్లల్ని యుద్ధాల్లోకి దింపకూడదన్న ఐక్యరాజ్యసమితి ప్రోటోకాల్‌ను మన దేశం 2005లోనే ఆమోదించింది. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 83వ సెక్షన్ కింద, కేంద్రం ప్రకటించిన తీవ్రవాద సంస్థ ఏదైనా పిల్లల్ని చేర్చుకుంటే ఏడేళ్ల దాకా కఠిన జైలు, ఐదు లక్షల జరిమానా. కానీ 18 నిండలేదని చూపించేదెలా?

2005లో మావోయిస్టులకు వ్యతిరేకంగా ప్రభుత్వ అండతో సల్వాజుడుం అనే సాయుధ ఉద్యమం మొదలయ్యాక ఛత్తీస్‌గఢ్‌లోని దక్షిణ బస్తర్ నుంచి వేలమంది అప్పటి ఖమ్మం జిల్లా అడవుల్లోకి వచ్చేశారు. వాళ్లలో ఒకామె కొడుకుని బడిలో చేర్చడానికి నన్ను తోడు తీసుకెళ్లింది. హెడ్మాస్టరు గారు రిజిస్టరు తెరిచి పుట్టిన తేదీ అడిగారు. ఇప్పపూలు ఏరేటప్పుడు పుట్టాడు, వీడికి నడకొచ్చాక ఊరు తగలబెట్టారు అని ఆమె కోయలో చెప్పింది. ఏ ఏడో తెలీదు. ఆయన కుడిచెయ్యి తలమీంచి వేసి ఎడమ చెవి పట్టుకుని చూపించారు. పిల్లాడికి తెలుగు రాకపోయినా అలాగే చేశాడు. చెవి అందింది. అంటే ఆరేళ్లు! జూన్‌లో ఓ తేదీ వేసేశారు. ఇప్పపూలంటే మార్చి, ఏప్రిల్ కదండీ అన్నాను. "ఏదైతే ఏంటి మాష్టారూ, కాలమ్ నిండాలి కదా" అన్నారు.

ఆ మాటకే నాకు ఒళ్లు మండుతుంది. ఆ జువెనైల్ జస్టిస్ చట్టంలోనే 94వ సెక్షన్ చూడండి. వయసు తేల్చాల్సి వస్తే ముందు అడిగేది బడి ఇచ్చిన పుట్టిన తేదీ పత్రం లేదా పదో తరగతి సర్టిఫికెట్. అవి లేకపోతే పంచాయతీ, మున్సిపాలిటీ ఇచ్చిన జనన ధ్రువపత్రం. ఏదీ లేకపోతే ఎముకల పరీక్ష, అది ఏడాది రెండేళ్లు అటూ ఇటూ అవుతుంది. రేపు ఆ పిల్లాణ్ణి పదిహేడేళ్లప్పుడు ఎవరైనా పట్టుకుపోతే, ఆ చెవి లెక్కే వాణ్ణి బాలుడనో పెద్దవాడనో తేలుస్తుంది. ఏడాది ఎక్కువ పడిందా, పెద్దల జైలే.

బస్తర్‌లో మావోయిస్టులు బడులు పేల్చేశారు, బలగాలు బడుల్లో మకాం పెట్టాయి. ఖాళీ చేయించమని సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. చదువు పోయిందని అందరూ బాధపడతారు, బడితోపాటు రిజిస్టరు కూడా పోయిందని ఎవరికీ పట్టదు. టీవీ చర్చల్లో ఒక్కరు దీని గురించి అడగరు. పైగా జననం నమోదు చేసేది పుట్టిన చోటే. ప్రాణభయంతో వదిలొచ్చిన ఊరికి కాగితం కోసం ఎవరెళ్తారు?

ఇక్కడి గూడేల్లో పుడుతున్న పిల్లల విషయమైనా ఇప్పుడే చూడాలి. పుట్టిన 21 రోజుల్లో చెప్పి జననం నమోదు చేయిస్తే పైసా ఖర్చు లేదు. ఏడాది దాటిందా, మెజిస్ట్రేట్ ఉత్తర్వు కావాలి. మీకు తెలిసిన ఆశా కార్యకర్త, అంగన్‌వాడీ టీచరు ఆ వైపు ఉంటే ఈ సంగతి చెప్పండి.