సీసా మూత గురించి ఒక ఉత్తరం

బ్రాడీపేట, గుంటూరు

చిరంజీవికి ఆశీస్సులు.

రక్త క్యాన్సరు వచ్చిన అమ్మాయి ప్రేమ గురించి నువ్వు రాసి పంపిన కథ మొదటిసారి చదివినప్పుడు కోపం వచ్చి పక్కన పెట్టేశాను. రెండోసారి చదువుతూ ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. విజయవాడ గవర్నరుపేట థియేటర్లో ఇంటర్వెల్ దీపాలు వెలగగానే, ఆ కుర్రవాడు ఏమీ అడగకుండా ఆ అమ్మాయి చేతిలోని నీళ్ళ సీసా అందుకుని, మూత తిప్పి, తిరిగి ఆమె చేతికిస్తాడు. ఆ సంగతి అంతటితో వదిలేసి, తరువాతి నాలుగు పేజీలూ ఇద్దరినీ ఏడిపించావు.

ల్యుకేమియాకు, అంటే ఆ రక్త క్యాన్సరుకు ఇచ్చే విన్‌క్రిస్టిన్ అనే మందు నరాలను దెబ్బతీసి వేళ్ళకు తిమ్మిరి తెస్తుంది, పట్టు సడలిస్తుంది. గుండీ పెట్టుకోవాలన్నా, మూత తిప్పాలన్నా ఇంకొకరి చెయ్యి కావాలి. నీ కథ మొత్తంలో జబ్బు నిజంగా కనిపించింది ఆ సీసా దగ్గరే. మిగతా చోట్ల రాలిన జుట్టు, గులాబీ, వెన్నెల తప్ప నాకేమీ కనిపించలేదు.

నా కోపానికి కారణం చెబుతాను. కీమో ఎక్కించిన పదో రోజున ఆ పిల్లను మొదటి రోజు మొదటి ఆటకు పంపావు. తెల్లకణాలు బాగా పడిపోయేది సరిగ్గా ఆ రోజుల్లోనే. వాటిలో సూక్ష్మక్రిములతో పోరాడే న్యూట్రోఫిల్స్ మైక్రోలీటరు రక్తంలో 500 కంటే తగ్గినప్పుడు చిన్న జ్వరం కూడా ప్రాణం మీదికి తెస్తుంది. అలాంటి పిల్లను జనంలోకి ఏ తల్లి పంపుతుంది? కౌంటు పెరిగాక, జనం పలుచగా ఉండే మంగళవారం పొద్దుటి ఆటకు, మాస్కు పెట్టి తీసుకువెళ్ళు. ఆ ఒక్క సినిమా కోసం ఇద్దరూ ఎన్ని రక్తపరీక్షల కాగితాలు చూసుకున్నారో రాస్తే, వాళ్ళ ప్రేమ గురించి నువ్వు వేరే చెప్పనక్కరలేదు.

జబ్బుపడిన ఇంట్లో ఏడవడానికి తీరిక దొరకదు. 2014లో వచ్చిన ‘ది ఫాల్ట్ ఇన్ అవర్ స్టార్స్’ సినిమాలో చావు కంటే నన్ను ఎక్కువ కదిలించింది, ముక్కుకు ఆక్సిజన్ గొట్టంతో క్యాన్సరు వచ్చిన ఆ పిల్ల ఆమ్‌స్టర్‌డామ్‌లోని ఆన్ ఫ్రాంక్ ఇంటి నిటారు మెట్లను ఆయాసపడుతూ ఎక్కిన దృశ్యం.

మా అక్క కూతురికి పదహారో ఏట ఇదే జబ్బు వచ్చినప్పుడు కొత్తపేట ఆసుపత్రిలో రాత్రిళ్ళు తోడుగా ఉన్నది నేనే. గడ్డినీటి రంగులో ఉండే ప్లేట్‌లెట్ల సంచిని మొదటిసారి తెచ్చినప్పుడు, దారిలో ఐసు పెట్టించాలా అని బ్లడ్ బ్యాంకులో అడిగాను; వీటికి చల్లదనం పడదు, గది వేడిమిలోనే కదుపుతూ ఉంచాలి, అయిదు రోజులకు మించి నిలవ ఉండవు అని అక్కడి కుర్రవాడు ఓపికగా చెప్పాడు. పొద్దున్నే నేను గుండీలు పెడుతుంటే ఆ పిల్ల తల పక్కకు తిప్పుకునేది.

అదంతా కథగా రాసి ఒక వారపత్రికకు పంపాను. గుండీలు పెడితే పాఠకులు ఏడవరనీ, ప్రకాశం బ్యారేజీ మీద వెన్నెల్లో ప్రియుడి ఒడిలో అమ్మాయిని చంపమనీ సంపాదకుడు తిప్పి పంపాడు. అచ్చులో పేరు చూసుకోవాలన్న ఆశతో చంపాను. కథల పోటీలకు ఈనాటికీ అలాంటి చావులే కావాలి. వాటిని అడిగేవాళ్ళను నేను క్షమించలేను. మా పిల్ల మాత్రం రెండున్నరేళ్ళు చికిత్స తీసుకుని బతికింది. సరైన చికిత్స పూర్తిగా అందితే ఆ జబ్బు నుంచి పిల్లల్లో ఎక్కువమంది కోలుకుంటారు. పత్రిక వచ్చిన రోజు అది చేతిలో పట్టుకుని వచ్చి, “పిన్నీ, నన్నెందుకు చంపావు?” అని అడిగింది. ఆ కథను నేను ఏ సంపుటిలోనూ చేర్చలేదు.

నువ్వు అడిగిన కలంపేరు సంగతి తరువాత చూద్దాం. ముందు ఇంటర్వెల్ నుంచి మళ్ళీ రాయి. సీసా అందుకునేటప్పుడు అతడు ఆమె వేళ్ళ వైపు చూశాడా, తెర వైపు చూశాడా? మూత పూర్తిగా తీసి ఇచ్చాడా, లేక తానే తీసుకున్నానని ఆమె అనుకునేటట్టు వదులు చేసి ఇచ్చాడా? అది తేల్చుకుని రాసి పంపు.

ఆశీస్సులతో,
మీ అమ్మమ్మ వయసున్న పాఠకురాలు