సైకియాట్రిస్టు దగ్గర్లో లేని ఊళ్లలో ఆత్మహత్యల నివారణ: అపాచీలు చేసింది

నమస్తే అండి. డాక్టర్లు అందుబాటులో లేని ఆదివాసీ ప్రాంతంలో స్థానికులే ఆత్మహత్యలు తగ్గించిన ఉదాహరణ ఎక్కడైనా ఉందా, ప్రాజెక్టుకి కావాలి అన్నారు కదా. ఉంది. అమెరికాలో అరిజోనా రాష్ట్రంలోని వైట్ మౌంటెన్ అపాచీల గురించి చదవండి.

2001లో అక్కడ యువత వరుసగా ప్రాణాలు తీసుకోవడంతో తెగ కౌన్సిల్ ఒక తీర్మానం చేసింది. ఎవరికైనా ఆత్మహత్య ఆలోచన ఉందని తెలిసినా, ప్రయత్నం జరిగినా బడి, పోలీసు, ఆసుపత్రి, ఇంటివాళ్లు, ఎవరైనా సరే తెలియజేయాల్సిందే. అసలు పని ఆ తర్వాతే మొదలవుతుంది. శిక్షణ పొందిన అపాచీ కార్యకర్త స్వయంగా ఆ మనిషిని కలిసి, మాట్లాడి, వైద్యానికి దారి చూపిస్తారు. పెద్దలు బడులకు వెళ్లి పిల్లలకు తమ సంస్కృతి చెబుతారు. జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం సాయం చేసింది.

2001–06తో పోలిస్తే 2007–12లో ఆత్మహత్యల రేటు దాదాపు 38 శాతం తగ్గింది. అయితే ఎన్నో పనులు కలిసి నడిచాయి కాబట్టి ఘనతంతా ఏ ఒక్కదానికో ఇవ్వకండి, వైవాలో అదే అడుగుతారు!

నా ఉద్దేశంలో మీరు ఎక్కువ రాయాల్సింది ఆ ఇంటికెళ్లి కలిసే పద్ధతి గురించి. గోప్యత గురించీ రాయండి, చిన్న ఊళ్లో పేరు బయటపడితే మళ్లీ ఎవరూ నోరు విప్పరు. ఫీల్డ్‌వర్క్‌లో ఎవరైనా చనిపోవాలనుంది అంటే వాళ్లను ఒంటరిగా వదలకండి, వెంటనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి. తెలుగులో మాట్లాడతారు, 24 గంటలూ ఉచితం.