ఐస్ ఫిషింగ్‌కి పోర్టబుల్ షెల్టర్: హబ్ కొనాలా, ఫ్లిప్-ఓవర్ కొనాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: మిన్నెసోటాలో ఉంటున్నారు, గడ్డకట్టిన సరస్సు మీద చేపలు పట్టడం ఈమధ్యే మొదలుపెట్టారు. ఇద్దరు వెళ్తారు, అప్పుడప్పుడు ఎనిమిదేళ్ల బాబు కూడా వస్తాడు. స్నోమొబైల్ (మంచు మీద నడిచే మోటారు బండి) లేదు, మామూలు సెడాన్ కారు ఉంది. మొదటి షెల్టర్, అంటే ఐస్ మీద వేసుకునే గుడారం, కొనడానికి ఏది చూసుకోవాలని, దానికి లైసెన్స్ కావాలా అని అడిగారు.

ముందే చెప్పేస్తాను: మీకు హబ్, అంటే గోడలు బయటికి ఉబ్బి నిలబడే, మడిచి సంచిలో పెట్టుకునే గుడారం, నప్పుతుంది. ముగ్గురికి అని రాసి ఉండే సైజు, ఇన్సులేషన్ (చలిని ఆపే పొర) ఉన్నది తీసుకోండి. కారణాలు కూడా చెప్పాలి, ఎందుకంటే మీ పరిస్థితిలో ఒక్కటి మారినా నా సలహా మారిపోతుంది.

నేను రెండు రకాలూ వాడాను, ఇప్పటికీ వాడుతున్నాను. కొనేవాళ్లు చాలామంది షెల్టర్ లోపల ఎలా ఉంటుందన్నదే చూస్తారు. నన్నడిగితే ముందు చూడాల్సింది దాన్ని ఒడ్డు నుంచి, చేపలు పట్టడానికి ఐస్‌లో చేసే రంధ్రం దాకా ఎలా తీసుకెళ్తారన్నది. ఆ తర్వాత, రోజులో ఎన్నిసార్లు చోటు మారుస్తారన్నది. ఈ రెండూ తేలితే సగం నిర్ణయం అయిపోయినట్టే.

ఫ్లిప్-ఓవర్ అంటే స్లెడ్‌కే (మంచు మీద లాగే చక్రాల్లేని బండి) బిగించిన గుడారం. స్లెడ్ లోనే కుర్చీలు, ఆగర్ (ఐస్‌లో రంధ్రం చేసే బర్మా), హీటర్ అన్నీ పెట్టుకుని లాక్కెళ్తారు. రంధ్రం దగ్గర ఆగి, కుర్చీలో కూర్చుని, వెనక నుంచి గుడ్డను తల మీదుగా ముందుకు లాగితే షెల్టర్ సిద్ధం. చేపలు పడకపోతే గుడ్డ వెనక్కి వాల్చేసి, లేచి ఇంకో రంధ్రం దగ్గరికి లాక్కెళ్లిపోవచ్చు. 1980ల్లో మిన్నెసోటాకే చెందిన డేవ్ జెంజ్ ఈ తరహా గుడారాలకు ప్రాచుర్యం తెచ్చారు. ఒకేచోట కూర్చుని చేప కోసం ఎదురుచూడటం మానేసి, చేప ఉన్నచోటికి మనమే వెళ్లాలన్నది ఆయన పద్ధతి. అలా వెంటపడి వేటాడేవాళ్లకు దీన్ని మించింది లేదు. ఒక్కడినే వెళ్లిన రోజు నేను తీసుకెళ్లేది ఇదే.

చిక్కల్లా బరువుతోనే. ఇద్దరు కూర్చునే ఫ్లిప్-ఓవర్లు చాలావరకు వంద పౌండ్లు దాటతాయి, పైన సామాను బరువు వేరే. గట్టి ఐస్ మీద లాగడం పర్వాలేదు కానీ, మోకాలి ఎత్తు మంచు పడ్డాక అదే స్లెడ్ అడుగు కదలదు. స్నోమొబైల్‌కి తగిలించి లాగేవాళ్లకు ఈ బాధ తెలియదు. పైగా ఆ స్లెడ్ సెడాన్‌లో పట్టదు. పికప్పో ట్రైలరో ఉండాలి. మీకు స్నోమొబైల్, పికప్ రెండూ ఉండి ఉంటే నేను ఫ్లిప్-ఓవర్ అనేవాణ్ని.

హబ్ గోడల మధ్యలో ఒక్కో ఇరుసు, దానికి నాలుగు వైపులా కడ్డీలు ఉంటాయి. మధ్యలో ఉన్న పట్టీని బయటికి గుంజితే గోడ ధబ్‌మని ఉబ్బి నిలబడుతుంది. మడిస్తే పొడవాటి సంచిలోకి వచ్చేస్తుంది. చవక ప్లాస్టిక్ స్లెడ్ మీద వేసుకుని లాగొచ్చు, కావాలంటే భుజానికి తగిలించుకోవచ్చు. అదే డబ్బుకి ఫ్లిప్-ఓవర్ కంటే చాలా ఎక్కువ చోటు వస్తుంది, నిలబడి ఒళ్లు విరుచుకోవచ్చు. బాబు వచ్చిన రోజు ఆ చోటు విలువ తెలుస్తుంది. పిల్లలు ఫ్లిప్-ఓవర్ కుర్చీలో గంటసేపు కదలకుండా కూర్చోరు.

సైజు విషయంలో పెట్టె మీద రాసిన మనుషుల లెక్కను నమ్మకండి. ముగ్గురికి అని రాసిన హబ్ నేల సుమారు ఆరడుగుల చదరం ఉంటుంది. అందులో రెండు మడత కుర్చీలు, రెండు మూడు రంధ్రాలు, హీటర్, ఎర డబ్బా పెట్టాక ఇద్దరు పెద్దవాళ్లు, ఒక చిన్నపిల్లాడు సరిగ్గా సరిపోతారు. మూడో పెద్దమనిషి వస్తే హీటర్‌కి గుడ్డ తగులుతుందేమోనని టెన్షన్ మొదలవుతుంది. అలాగని ఆరుగురి సైజుకి పోకండి. అంత గాలిని వేడి చేయడం ఒక పని, గాలి వీచినప్పుడు అంత గుడ్డను పట్టి ఆపడం ఇంకో పని.

ఇన్సులేషన్ గురించి కాస్త ఎక్కువ చెబుతాను, దీని మీద డబ్బు మిగుల్చుకుందామని చాలామందికి అనిపిస్తుంది కాబట్టి. ఒక పొర గుడ్డ ఉన్న షెల్టర్‌లో హీటర్ వెలిగించిన కాసేపటికి మన ఊపిరి తేమ, రంధ్రం నుంచి వచ్చే ఆవిరి పైకప్పుకి పట్టి చుక్కలు చుక్కలుగా కారుతుంది. మెడ మీద, రీల్ మీద, ఫిష్ ఫైండర్ (నీళ్లలో చేపలు ఎక్కడున్నాయో చూపే పరికరం) తెర మీద పడుతూనే ఉంటుంది. హీటర్ ఆపగానే అదంతా గడ్డకట్టి, మడిచేటప్పుడు పెళపెళమంటూ రాలుతుంది. ఇన్సులేషన్ ఉన్న గుడ్డలో ఇది బాగా తగ్గుతుంది, హీటర్‌ని తక్కువ మంట మీద ఉంచినా సరిపోతుంది, గుడ్డ గాలికి పటపటలాడదు. ఒకే సైజులో ఇన్సులేషన్ వల్ల పెరిగే బరువు దాదాపు పది పౌండ్లు. ఇద్దరు ఉన్నారు కాబట్టి అది పెద్ద భారం కాదు. గుడ్డ నేసిన దారం మందాన్ని డెనియర్‌లో చెబుతారు. 300 డెనియర్ మామూలు వాడకానికి చాలు, 600 ఇంకా గట్టిది, బరువు కూడా.

లోపల నల్లగా ఉందో లేదో కూడా చూడండి. కిటికీలు మూసి చీకటి చేస్తే, ఐస్ గుండా దిగిన వెలుతురుతో రంధ్రం కింద నీళ్లు ఆకుపచ్చగా మెరుస్తాయి. లోతు తక్కువ ఉన్నచోట ఎర కదలడం, పెర్చ్ చేప వచ్చి దాని ముందు ఆగడం కళ్లారా కనిపిస్తుంది. బాబుకి చేపల మీద ఇష్టం పుట్టాలంటే ఇంతకంటే మంచి దారి లేదు.

ఇక గాలి. మిల్ లాక్స్ లాంటి పెద్ద సరస్సు మీద గాలికి అడ్డు ఏమీ ఉండదు. హబ్‌ని నిలబెట్టే ముందే గాలి వచ్చే వైపు కింది మూలలకు ఐస్ యాంకర్లు దించండి, ఆ తర్వాత ఆ గోడను లాగండి. అన్ని గోడలూ నిలబెట్టి, తర్వాత యాంకర్లు వెతుక్కునే లోపు షెల్టర్ చేతిలోంచి జారితే ఇక దాని వెనక పరుగే. విప్పేటప్పుడు గాలి వైపు యాంకర్లు చివర్లో తీయాలి. యాంకర్లు మరచుట్టు ఉన్న మేకులు, చేతితో తిప్పితే చేతులు పడిపోతాయి. డ్రిల్‌కి తగిలించే అడాప్టర్ కొనుక్కోండి, చిన్న ఖర్చు. గోడల మధ్య నుంచి కట్టే తాళ్లు కూడా బద్ధకించకుండా కట్టండి. కింద స్కర్ట్ (గోడల అడుగున ఐస్ మీద పరుచుకునే గుడ్డ అంచు) మీద పొడిపొడిగా ఉన్న మంచు ఎత్తిపోయండి, తడి మంచు మాత్రం వద్దు. అది ఐస్‌కి అతుక్కుపోతుంది, వెళ్లేటప్పుడు గుంజితే గుడ్డ చిరుగుతుంది.

హీటర్ విషయంలో మొహమాటం లేకుండా చెబుతున్నాను. మీ సైజు షెల్టర్‌కి 4,000 నుంచి 9,000 బీటీయూ (హీటర్ వేడిని కొలిచే లెక్క) ఇచ్చే చిన్న ప్రొపేన్ హీటర్ సరిపోతుంది. ఒక పౌండు సిలిండర్ తక్కువ మంట మీద సుమారు ఐదు గంటలు వస్తుంది. ఎంత చలిగా ఉన్నా షెల్టర్ వెంట్లు (గాలి ఆడే కన్నాలు) మూయకండి, బ్యాటరీతో నడిచే కార్బన్ మోనాక్సైడ్ అలారం తల ఎత్తున వేలాడదీయండి. హీటర్‌లో ఆక్సిజన్ తగ్గితే ఆగిపోయే ఏర్పాటు ఉన్నా అలారం ఉండాల్సిందే. ఆ వాయువుకి రంగూ వాసనా లేవు. ఇన్సులేషన్ ఉన్న గుడారం గాలిని ఇంకా బాగా లోపలే బంధిస్తుంది. పిల్లాడితో వెళ్లేవాళ్లు అలారం లేకుండా హీటర్ వెలిగించకూడదు.

వీటన్నిటికంటే ముందు ఐస్ మందం. నడవడానికి కనీసం 4 అంగుళాల గట్టి, కొత్త, నిర్మలమైన ఐస్ ఉండాలని మిన్నెసోటా డీఎన్ఆర్ (రాష్ట్ర సహజ వనరుల శాఖ) చెబుతుంది. తెల్లగా ఉండే ఐస్ బలం అందులో సగమే, కాబట్టి రెట్టింపు మందం కావాలి. వెళ్తూ వెళ్తూ మధ్యమధ్యలో రంధ్రం వేసి కొలుస్తూ ఉండండి. ఒకచోట ఉన్న మందం ఇంకోచోట ఉండదు.

లైసెన్స్ గురించీ అడిగారు. మిన్నెసోటాలో మడిచి పట్టుకెళ్లే షెల్టర్‌కి, మీరు దాని దగ్గరే ఉన్నంతసేపు వేరే లైసెన్స్ అక్కర్లేదు. 200 అడుగులు దాటి వదిలి వెళ్తే కావాలి. మీ ఫిషింగ్ లైసెన్స్ మాత్రం ఎలాగూ ఉండాలి. రాత్రికి అక్కడే వదిలే ఆలోచన ఉంటే రిఫ్లెక్టర్ల నిబంధన వేరే ఉంది, ఆ ఏడాది రూల్స్ పుస్తకంలో చూసుకోండి.

కొన్నాక సరస్సుకి వెళ్లే ముందు ఇంటి దగ్గర ఒకసారి నిలబెట్టి, మడిచి, గ్లవ్స్ వేసుకున్న చేతులతోనే సంచిలో పెట్టి చూడండి. కొన్ని సంచులు ఎంత ఇరుకుగా ఉంటాయంటే, గడ్డకట్టిన గుడ్డ అందులో దూరదు. అలాంటిదైతే మార్చుకోండి. ప్రతిసారీ ఇంటికొచ్చాక తెరిచి ఆరబెట్టండి, తడిగా వదిలేస్తే బూజు పట్టి కుట్లు పాడవుతాయి.

షాపుకి వెళ్లే ముందు మీ కారు వెనక సీటు మడిచి, డిక్కీ నుంచి ముందు సీటు దాకా ఎంత పొడవు వస్తుందో టేపుతో కొలవండి. హబ్ సంచులు బాగా పొడవుగా ఉంటాయి. ఆ కొలత ఇక్కడ రాస్తే ఏ సైజు పడుతుందో చెబుతాను.