మాస్టారికి అవార్డు సరే, వంటావిడ మాటేమిటి?

మీ జెడ్పీ హైస్కూల్లో లెక్కల మాస్టారు, మధ్యాహ్న భోజనం వండే ఆవిడ పిల్లల కోసం ప్రాణం పెడతారనీ, ఇద్దరికీ గుర్తింపు రావాలంటే ఊరివాళ్లం ఏం చేయాలనీ అడిగారు.

మాస్టారి సంగతి ముందు. జాతీయ ఉపాధ్యాయ పురస్కారానికి 2018 నుంచి టీచరే ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టుకోవాలి. సర్పంచి గారి ఉత్తరంతో పని జరగదు. రెగ్యులర్ టీచరై, కనీసం 10 ఏళ్ల సర్వీసు ఉండాలి. ప్రైవేటు ట్యూషన్లు చెబుతుంటే అర్హతే లేదు. డీఈఓ (జిల్లా విద్యాధికారి) అధ్యక్షతన ఉండే జిల్లా కమిటీ మూడు పేర్లు రాష్ట్రానికి పంపుతుంది, అక్కడ వడపోశాక ఢిల్లీ జ్యూరీకి వెళ్తాయి. 100 మార్కుల్లో 90 పనితీరుకే.

ఆ 90 మార్కులూ ఫైల్లో కనబడాలి. మంచి టీచర్లు పోగొట్టుకునేది ఇక్కడే. పొద్దస్తమానం పాఠాలతో సరిపోయే మనిషి రుజువులు ఎక్కడ దాచుకుంటాడు? చివరికి ఫైలు నిండా శాలువాలు, ఫ్లెక్సీలు, ముఖ్య అతిథుల ఫొటోలే మిగులుతాయి. వాటిలో పిల్లల చదువు ఏదీ?

మీరు చేయాల్సింది ఆ రుజువులు పోగేయడం. ఒకే పిల్లాడి జూన్ నోట్‌బుక్కు, ఫిబ్రవరి నోట్‌బుక్కు పక్కపక్కన పెట్టి ఫొటో తీయండి. జూన్‌లో భిన్నాల కూడికలో పైవి పైవీ, కిందవి కిందవీ కలిపేసినవాడు ఫిబ్రవరికి కసాగు తీసి చేస్తుంటే ఇక వివరణ అక్కర్లేదు. ఏడాదివారీ చేరికలు, హాజరు రిజిస్టరు నుంచి తీయించి హెచ్ఎం సంతకం పెట్టించండి. ప్రతి ఫొటో కింద తేదీ, తరగతి, ఏం జరుగుతోందో ఒక వాక్యం ఉండాలి. తల్లిదండ్రుల ఉత్తరాల్లో ‘దేవుడులాంటి మనిషి’ అని రాస్తే ఎవరికీ ఏమీ తెలియదు. ‘బడి మానేసిన మా అమ్మాయి కోసం ఫలానా నెలలో మా ఇంటికి వచ్చి మాట్లాడారు’ అని రాయించండి. దరఖాస్తులు మామూలుగా వేసవి సెలవుల తర్వాతే తీసుకుంటారు కాబట్టి ఈ పని సంక్రాంతికే మొదలుపెట్టాలి.

ఇక వంటావిడ. మాస్టారు దరఖాస్తు పెట్టే ఆ పోర్టల్లో ఆవిడకి చోటే లేదు, ఇది నాకు చాలా అన్యాయంగా అనిపిస్తుంది. ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలకి తలకి 150 గ్రాముల బియ్యం. వంద మందికి 15 కిలోలు, ఉడికాక దగ్గర దగ్గర 40 కిలోలు. ఆ లెక్కకి నిబంధన ప్రకారం వంటవాళ్లు ఇద్దరే. అంత గుండిగని చెరో పక్క గుడ్డతో పట్టి వంచి గంజి వారుస్తారు. ఒకరి చెయ్యి జారితే ఇద్దరి కాళ్లూ కాలిపోతాయి. కేంద్రం 2009లో ఖరారు చేసిన గౌరవ వేతనం నెలకు 1,000 రూపాయలు, అదీ ఏడాదికి 10 నెలలే. రాష్ట్రాలు పైన కలిపేది కలుపుతున్నాయి, అయినా అది బతకడానికి చాలే డబ్బు కాదు.

అందుకే శాలువాతో సరిపెట్టకండి. వేతనం బకాయి ఉంటే ముందు దాని మీద మీ బడి విద్యా కమిటీ తరఫున అర్జీ పెట్టండి. చందాలు పోగైతే పొగ పోయే దారి, వంటగదిలో కుళాయి, గంజి వార్చడానికి గట్టి స్టాండు చేయించండి, ఖర్చు కూడా పెద్దగా కాదు. సెప్టెంబర్ 5న మాస్టార్లతో పాటు ఆవిడనీ వేదిక మీద కుర్చీలో కూర్చోబెట్టండి. వడ్డన పూర్తయ్యాక మూలన నిలబెట్టి దండ వేయడం గౌరవం కాదు. ప్రశంసాపత్రంలో ఇంటిపేరుతో సహా పేరు తప్పుల్లేకుండా ఉండాలి, ఎన్నేళ్లుగా వండుతోందో, ఎంతమందికో ఉండాలి.

విద్యా కమిటీ సమావేశంలో తీర్మానం చేసి మినిట్స్ పుస్తకంలో రాయించడం మాత్రం మరవొద్దు. హెచ్ఎంలు బదిలీ అవుతారు, కొత్తగా వచ్చినవారికి ఆ పుస్తకమే ఆధారం. తీర్మానం కాపీ ఎంఈఓ (మండల విద్యాధికారి) ఆఫీసులో ఇచ్చి, మీ దగ్గరుండే కాపీ మీద అందినట్టు ముద్ర, తేదీ వేయించుకోండి.