పాత వాల్వు సెట్టును ఇంట్లో పాటలు వినడానికి బాగు చేయించుకోవచ్చునా?

తాతగారి నాటి వాల్వు రేడియోగ్రామును (రేడియో, రికార్డు ప్లేయరు ఒకే పెట్టెలో ఉన్న సెట్టును) బాగు చేయించాలా, అమ్మివేయాలా, దాని ధ్వని గురించి అందరూ చెప్పేది నిజమా లేక పాతవస్తువుల మీది మోజా అని మీరు అడిగారు. వాల్వు అంటే ట్రాన్సిస్టర్లు రాకముందు రేడియోల్లో పాటను పెంచి వినిపించిన గాజు గొట్టం. కావలిలో మైకుసెట్లు అద్దెకిచ్చిన మా మేనమామ ఇంట్లో వినడానికి స్వయంగా ఒక స్టీరియో ఆంప్లిఫయరు చేసుకున్నారు. ఒక్కొక్క వైపుకు ఒక్కొక్క ఈఎల్84 వాల్వు ఉన్న ఆ సెట్టు ఆయన తరువాత అటక మీద నుంచి నా దగ్గరకు వచ్చింది. తొమ్మిదేళ్లుగా నెల్లూరులో దానితోనే పాటలు వింటున్నాను కనుక, బాగు చేయించమనే నా సలహా.

కొలతల్లో మంచి ట్రాన్సిస్టరు ఆంప్లిఫయరే మెరుగని ముందుగా ఒప్పుకోవాలి. వాల్వు తనలోకి వచ్చిన స్వరానికి తన వంతు కొంత కలిపి పంపుతుంది. మా సెట్టులాగా ఒక్క వాల్వే స్పీకరును నడిపేచోట, అలా కలిసేదానిలో ఎక్కువ భాగం అసలు స్వరానికి సరిగ్గా రెట్టింపు ఫ్రీక్వెన్సీ గల రెండో హార్మోనిక్. సంగీతం తెలిసినవారి మాటలో చెప్పాలంటే, గాయకుడు మధ్య షడ్జం పలికితే దాని వెనుక తార షడ్జం సన్నగా తోడు పలుకుతుందన్నమాట. అందువల్ల అది చెవికి అపస్వరంగా తోచదు, గొంతు మరికొంచెం నిండుగా, మరికొంచెం దగ్గరగా వినిపిస్తుంది. శక్తికి మించి పెంచినప్పుడు కూడా వాల్వు సెట్టు తరంగపు కొసలను మెల్లగా గుండ్రం చేస్తే, ట్రాన్సిస్టరు సెట్టు ఒక్కసారిగా కోసివేస్తుంది, ఆ కోత చెవికి గుచ్చుకుంటుంది.

ఈ గుణం అన్నిటికంటె బాగా తెలిసేది పాత సినిమా పాటల్లో, అదీ రాత్రిపూట చిన్న శబ్దంతో విన్నప్పుడు. ఘంటసాల గారు పద్యం చివర రాగాన్ని సాగదీసి గొంతు తగ్గించేచోట, ఆ చివరి అచ్చు ఎక్కడ ఆగిందో, తరువాతి ఊపిరి ఎక్కడ తీసుకున్నారో నాకు ఈ సెట్టులో తెలిసినంతగా మరి దేనిలోనూ తెలియలేదు. పెద్ద వాద్యబృందంతో హోరుగా సాగే నేటి పాటలకు మాత్రం ఇది నిలబడదు. వాటిని నేను వేరే సెట్టులో వింటాను.

అయితే అటక మీది సెట్టును దించిన రోజే కరెంటుకు తగిలించకండి. నేను ఆ పొరపాటు చేశాను. అర నిమిషంలో వాల్వులు వేడెక్కి పాట మొదలైంది; నాలుగో నిమిషంలో కుడివైపు గొంతు బొంగురుపోయింది. తొంగి చూస్తే ఆ వైపు ఈఎల్84 లోపలి ప్లేటు కుంపట్లో నిప్పులాగా ఎర్రబడి ఉంది. స్టోన్‌హౌస్‌పేటలో ఒక పెద్దవయసు మెకానిక్ దానిని విప్పి, మైనం కారి, సెట్టు లోహపు చట్రానికి, అంటే చాసిస్‌కు అంటుకుపోయిన చిన్న కండెన్సరును శ్రావణంతో పట్టి చూపించారు. ముందున్న వాల్వు నుంచి పాటను మాత్రమే వదిలి, డీసీ వోల్టేజీని ఆపవలసిన కండెన్సరు అది; లీకయి డీసీని కూడా వాల్వులో కరెంటును అదుపు చేసే గ్రిడ్డుకు పంపినందువల్ల వాల్వులో కరెంటు అదుపు తప్పింది. అలాంటి కండెన్సర్లను, పవర్ సప్లయిలోని పెద్ద ఎలక్ట్రోలిటిక్ కండెన్సర్లను పూర్తిగా మార్పించిన తరువాతే స్విచ్చి వేయండి. లోపల 250 వోల్టులకు పైగా డీసీ ఉంటుంది. ప్లగ్గు తీసిన తరువాత కూడా అది ఆ పెద్ద కండెన్సర్లలో నిలిచి ఉండవచ్చు కనుక, తెలిసినవారు తప్ప మరెవ్వరూ చెయ్యి పెట్టకూడదు. స్పీకరు కలపకుండా పాట పెట్టినా వాల్వుకు, స్పీకరుకు మధ్యనుండే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు కాలిపోవచ్చు.

మన సముద్రపు గాలికి వాల్వు కాళ్లు తొందరగా పూతబడతాయి. ఏడాదికొకసారి తుడిపిస్తే గరగర పోతుంది. మా వీధిలో రాత్రి పదకొండు దాటితే వోల్టేజి 245 దాకా పోతుంది కనుక, వెనుక వోల్టేజి మార్చే మీట ఉంటే అన్నిటికంటె పై అంకె మీద ఉంచండి. ఒక్కొక్క ఈఎల్84 దాదాపు 17 వాట్లు తిని, అయిదు వాట్ల పాట ఇస్తుంది, మిగిలినదంతా వేడే. మే నెలలో మా ఇంట్లో దీనిని తెల్లవారుజామున తప్ప పెట్టము. అయిదు వాట్లు చాలవేమో అనుకోకండి. పాత రేడియోగ్రాముల్లోని కాగితపు కోను స్పీకర్లు అంతకంటె తక్కువకే గదిని నింపుతాయి కనుక, చిమ్మెటలు కొట్టకుండా ఉంటే దానినే ఉంచుకోండి.

వాల్వుల కోసం కంగారు పడనక్కరలేదు. బెంగళూరులో భారత్ ఎలక్ట్రానిక్స్ 1960లలో చేసినవి చెన్నై రిచీ స్ట్రీటులో అప్పుడప్పుడు కనిపిస్తాయి, ఈఎల్84ను ఇప్పటికీ కొత్తగా తయారుచేసేవారు ఉన్నారు.

ఒక్కటి మాత్రం ఇప్పుడే చూడండి. వాల్వుల మీది పేర్లు ‘ఈ’ అక్షరంతో మొదలైతే, సాధారణంగా లోపల మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మరు ఉంటుంది. ‘యు’తో మొదలైతే చాలావరకు ట్రాన్స్‌ఫార్మరు ఉండదు, చాసిస్సే నేరుగా కరెంటు తీగకు కలిసి ఉంటుంది. అలాంటి సెట్టుకు పాటలు పెట్టడానికి ఫోను వైరు ఎంతమాత్రమూ తగిలించవద్దు. సెట్టును కరెంటు తీగ నుంచి వేరుచేసే ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మరు పెట్టించేదాకా పిల్లలను దాని దగ్గరకు పోనివ్వకండి.