తేమ సెన్సార్ల బ్యాటరీ ఎందుకు నిలవదు?

ప్రశ్న: సార్, గార్లదిన్నె దగ్గర మా చీనీ తోటలో 12 తేమ సెన్సార్లు పెట్టించాం. ఒకదాని నుంచి ఒకటి అందుకుని బోరు షెడ్డుకు నిమిషానికోసారి లెక్క పంపుతాయి. మూడు నెలలకే బ్యాటరీలు అయిపోతున్నాయి. ఏం చేయాలి?
— ఒక రైతు, అనంతపురం జిల్లా

జవాబు: తేమ కొలవడానికి అయ్యే కరెంటు కొంచెమే. బ్యాటరీని తినేది రేడియో. ఊరికే వింటూ కూర్చున్నా దానికి దాదాపు పంపేటప్పుడు అయ్యేంత ఖర్చవుతుంది. నేలలో తేమ నిమిషానికోసారి మారదు కదా! అరగంటకోసారి అడగండి, మధ్యలో రేడియోను నిద్రపుచ్చమనండి.

ఇంకోటి, 12 అంకెలూ విడివిడిగా షెడ్డు దాకా రానక్కర్లేదు. దారిలోని సెన్సార్ తన అంకెనూ తన వెనకవాటి అంకెలనూ కలిపిన మొత్తం, అవి ఎన్ని అన్న లెక్క, ఈ రెండే పంపితే సగటు దొరుకుతుంది. సగటులకు మళ్లీ సగటు కడితే మాత్రం లెక్క తప్పొచ్చు. 2002 ప్రాంతంలో అమెరికాలోని బర్క్‌లీ యూనివర్సిటీ పరిశోధకులు, సెన్సార్ల నుంచి లెక్కలు రాబట్టే టైనీడీబీ అనే సాఫ్ట్‌వేర్‌లో వాడింది ఈ మొత్తం, లెక్క పంపే పద్ధతే.

అయితే సగటొక్కటే నమ్మొద్దు. మా చిన్నాన్న తోటలో ఒక మూల డ్రిప్పర్లు మూసుకుపోయి నాలుగు చెట్లు ఎండిపోయాయి. సగటు బాగానే చూపించింది! ఆ బాధ నాకింకా పోలేదు. అందుకే అన్నిటికంటే తక్కువ తేమ ఎంత, ఏ సెన్సార్‌ది అని కూడా అడగండి. దానికీ రెండంకెలే చాలు.