పొగ రానీ తమ్ముడూ, సూది బిగించకు

ప్రశ్న: మాస్టారూ, మాది ఆమదాలవలస. మా మేనమామ కొడుకు దుబాయ్ నుంచి నైట్రో ఇంజన్ రిమోట్ ట్రక్కు తెచ్చిచ్చాడు. రెండేళ్లు అటక మీదే ఉండిపోయింది. ఇప్పుడు నాగావళి ఇసుకలో నడుపుతున్నాను. తాడు లాగగానే స్టార్ట్ అవుతోంది, ప్లగ్గు హీటర్ తీసేసినా నడుస్తోంది. కాసేపటికి మాత్రం థ్రాటిల్ వదిలినా రయ్యిమని అరిచి ఠక్కున ఆగిపోతోంది. చల్లారేదాకా మళ్లీ స్టార్ట్ కాదు. పొగ ఎక్కువగా ఉందని కార్బురేటర్ సూది కొంచెం బిగించాను. పెట్రోల్‌లో టూ-టీ ఆయిల్ కలిపి పోస్తే చాలని మా వీధి మెకానిక్ అంటున్నాడు. పోయొచ్చా?
– ఒక ఇంటర్ విద్యార్థి

జవాబు: పెట్రోల్ మాటెత్తకు తమ్ముడూ. ఆ సలహా పాత టూ-స్ట్రోక్ బళ్లకి సరిపోతుంది. నీ ట్రక్కులో స్పార్క్ ప్లగ్గు లేదు, గ్లో ప్లగ్గు ఉంది. దానిలో ప్లాటినం ఉన్న సన్నటి తీగ చుట్ట ఉంటుంది. నైట్రో ఫ్యూయల్లో ఉండే మిథనాల్ ఆవిరి తగులుతుంటే హీటర్ లేకపోయినా ఆ తీగ ఎర్రగానే ఉంటుంది. పెట్రోల్‌తో ఆ పని జరగదు. హీటర్ తీసినా నడుస్తోందంటే ప్లగ్గు బాగున్నట్టే, దాని మీద డబ్బులు తగలెయ్యకు.

థ్రాటిల్ వదిలినా అరుస్తోందన్నావు చూడు, జబ్బు అక్కడే ఉంది. గాలి ఎక్కువై ఫ్యూయల్ తక్కువవుతోంది. పిస్టన్‌కి అందే ఆయిల్ ఆ ఫ్యూయల్లో కలిసిందే, వేరే దారి లేదు. బండి వెనకాల నీలం పొగ కనబడుతుండాలి. నువ్వు పొగ తగ్గించానని సంబరపడ్డావు, తగ్గింది ఆయిల్! ముందు సూదిని గడియారం ముల్లుకి ఎదురుగా తిప్పి, బండితో వచ్చిన పుస్తకంలో చెప్పిన చోటికి తీసుకురా.

అంతటితో అయిపోలేదు. రెండేళ్లు మూలనున్న బండిలో రబ్బరు, సిలికాన్ గొట్టాలు ఎండిపోయి ఉంటాయి. దొంగగాలి అక్కణ్ణుంచే దూరుతుంది. ట్యాంకు ఖాళీ చేసి విప్పు. ఫ్యూయల్ బయటికెళ్లే గొట్టాన్ని మడిచి క్లిప్పు పెట్టు. సైలెన్సర్ నుంచి వచ్చే గొట్టానికి సూది తీసేసిన ఇంజక్షన్ సిరంజీ తగిలించి, ట్యాంకుని బకెట్ నీళ్లలో ముంచి మెల్లగా గాలి కొట్టు. మూత అంచున గానీ, గొట్టం మొదట్లో గానీ బుడగలొస్తే దొంగ దొరికినట్టే. నోటితో మాత్రం ఊదకు, పీల్చకు. మిథనాల్ విషం, కళ్లు పోతాయి. దాని మంట పట్టపగలు కంటికి కనబడదు కూడా.

ట్యాంకులో ఏమీ లేకపోతే కార్బురేటర్ మెడ దగ్గరి ఓ-రింగ్ (రబ్బరు చుట్టు), ఇంజన్ వెనక మూత మరలు చూడు. పాత డబ్బాలో మిగిలిన ఫ్యూయల్ వాడకు. మిథనాల్ గాలిలో తేమ లాగేస్తుంది, మన సముద్రపు గాలికి మరీను.

ఇప్పుడు నడిపి చూడు. ఇంజన్ తలమీద ఒక్క నీటిచుక్క వెయ్యి. మూడు నాలుగు సెకన్లు చుయ్‌మని ఆవిరైతే మంచిది. పడగానే మాయమైతే వేడెక్కువ, సూది ఇంకాస్త వదులు చెయ్యి. ఒక్కోసారి చుట్టులో ఎనిమిదో వంతుకి మించి తిప్పకు. కోవిడ్ రోజుల్లో కొన్న నుదుటి థర్మామీటర్ తియ్యకు, అది జ్వరం దాకే చూపిస్తుంది. ఇక్కడ వేడి వంద డిగ్రీలు దాటుతుంది.

ఇన్నీ చేశాక కూడా వేడికి ఆగితే, ఇంజన్ బాగా చల్లారాక చేత్తో తిప్పి చూడు. పిస్టన్ పైకొచ్చినచోట బిగుతుగా పట్టుకోవాలి. పట్టు లేకుండా జారిపోతే పిస్టన్, అది ఆడే స్లీవ్ గొట్టం అరిగిపోయాయి, ఖర్చు తప్పదు. నాగావళి ఇసుక అందుకు చాలు. స్పాంజి ఫిల్టర్‌కి ఆయిల్ పట్టించకుండా ఏట్లోకి దించకు.

ఆట అయ్యాక ట్యాంకు ఖాళీ చేసి, మిగిలింది ఇంజన్‌లో మండిపోయేదాకా నడుపు. ప్లగ్గు విప్పి, ఆ రంధ్రంలో తుప్పు పట్టకుండా వేసే ఆఫ్టర్-రన్ ఆయిల్ నాలుగు చుక్కలు వేసి తాడు రెండుసార్లు లాగు. బుడగలు ఎక్కడొచ్చాయో మళ్లీ రాయి.